బంపర్ ఊడదీసినంక

సెప్టెంబర్ 24, బుధవారం

కంగ్టి అవతలి టవర్ సైట్ కాడ బండి దిగబడ్డది. నల్లరేగడి. పొద్దటి సంది వాన. ఫోర్ బై ఫోర్ ఏసిన, లో గేర్ ఏసిన. ఎంత రేస్ ఇస్తే అంత లోపలికి పోయింది. డోర్ తీస్తే డోర్ అంచు బురదకు తాకింది. టవర్ డౌన్, ఫోన్ కలువది. గా టవర్ బాగుచేసే టెక్నీషియన్‌ను నేనే. ఇగ ఎవ్వలికి చెప్పుకోవాలె?

చీకటి పడేముందు ఒక ట్రాక్టరాయన దొరికిండు. తాడు కట్టి గుంజిండు, తెగింది. మళ్ల కట్టిండు. బయటికొచ్చినంక ట్రాక్టరాయన నన్ను కిందికెల్లి మీదిదాక చూసి, గింత పెద్ద థార్ జీపు పెట్టుకొని ఏం ఫాయిదా అన్నడు.

నిజమే. గీ వానాకాలమంత గిదే కథ. విన్చ్ పెట్టించాలె. డిసైడ్ అయిన.

సెప్టెంబర్ 26

విన్చ్ బంపర్ ఆర్డర్ పెట్టిన. ఉన్న బంపర్ ఊడదీసి గీ స్టీల్‌ది బిగించాలె. మధ్యల మోటరు, తాడు చుట్టుకునే డ్రమ్ము, కొసకు హుక్కు. హుక్కును చెట్టుకు తగిలించి బటన్ ఒత్తితే బండి తనను తానే గుంజుకుంట బయటికొస్తది. వీడియో మళ్ల మళ్ల చూస్తున్న. నిద్ర వస్తలేదు, పెండ్లికొడుకు లెక్క ఉన్నది నా హాలత్.

అక్టోబర్ 5, ఆదివారం

షాక్. బావ నన్ను ఒర్రిండు.

అక్కోళ్లింట్ల అన్నం తినుకుంట విన్చ్ ముచ్చట చెప్పిన. బావ చేతిల ముద్ద చేతిలనే ఉన్నది. ఎందుకురా అన్నడు. ఉన్న బంపర్‌కు ఏమైంది అన్నడు. నేను నవ్వుకుంట ఫోన్‌ల బొమ్మ చూపిస్తుంటే పళ్లెం నూకి లేసిండు. నేనిచ్చిన బండిని ఇచ్చినట్టు ఉంచుకోనీకి రాదా నీకు అని గట్టిగ ఒర్రిండు. పిల్లలిద్దరు బిక్కమొఖం ఏసిండ్రు.

బస్వరాజ్ బావ గట్ల ఒర్రుడు నేను ఎన్నడు చూడలే. నాన్న పోయినంక నన్ను ఇంట్ల పెట్టుకొని డిప్లొమా చదివిచ్చినోడు. ఖేడ్‌ల విత్తనాల దుకాణం, ఊరూరికి ఉద్దెర ఇస్తడు, ఎవ్వలను ఒక్క మాట అనడు. పోయిన ఉగాదికి నడుం నొప్పి అని గీ బండి నాకిచ్చిండు. తాళంచెవి చేతిల పెట్టినప్పుడు ఆయన కండ్లల్ల నీళ్లొచ్చినయి. నా మీద ప్రేమ అనుకున్న.

అక్క నన్ను చూడకుంట పళ్లెం తీసి లోపలికి పోయింది.

అక్టోబర్ 6

బావ ఫోన్ చేసిండు. మెత్తగ మాట్లాడిండు. గసువంటి బంపర్లకు పోలీసోళ్లు చలాన్ రాస్తరు, అయినా నీకు గంత ఇష్టముంటే బండి నాకియ్యి, హైద్రాబాద్‌ల తెలిసినోళ్ల కాడ నేనే పెట్టిచ్చుకొస్త అన్నడు. ఎందుకు బావా, మెకానిక్ ఫకీర్ చాచా ఉన్నడు కదా ఇక్కడ అన్న. సరే నీ ఇష్టం అని పెట్టేసిండు.

నడుం నొప్పి మనిషి హైద్రాబాద్ దాక బండి నడుపుతడట.

అక్టోబర్ 11, శనివారం

వచ్చింది! పార్శిల్ ఆటోకెల్లి దించనీకి నలుగురం పట్టినం. నల్లగ, మొద్దుగ, బర్రెకొమ్ముల లెక్క ఉన్నది. ఇంటి ఓనర్ వచ్చి ఇది ఏం మిషను అని అడిగిండు. చెప్పిన. బురదల పోకుంటే అయిపాయె కదా అన్నడు.

రేపు పొద్దుగాలనే బిగించుడు.

అక్టోబర్ 12, ఆదివారం, పొద్దుగాల

ఫకీర్ చాచా షెడ్ కాడికి పోతున్న. చాయ్ కూడా తాగలే.

అదే రోజు, మధ్యాహ్నం

ఎట్ల రాయాలె. మొదటికెల్లి రాస్త.

చాచా షెడ్ కంగ్టి రోడ్డు మీద ఉన్నది. జీపులు, ట్రాలీ ఆటోలు, టీవీఎస్‌లు, ఏది వచ్చినా చేస్తడు. పాత బంపర్ తీసుడు మొదలుపెట్టినం. కింది బోల్టులు తుప్పు పట్టి తిరుగుతలేవు. చాచా ఆయిల్ కొట్టి, స్పానర్‌కు పైపు తొడిగి బలమంత పెట్టిండు. ఒకటి విరిగింది. ముందర దీపాల వైర్లు నేనే పీకిన. మస్తు ఖుషీగ ఉన్న. ఫొటోలు కూడా దిగిన.

బంపర్‌ను చెరొక దిక్కు పట్టి ముందుకు గుంజినం. ఎండిన మట్టి పెళ్లలు రాలినయి. గా మట్టితోటి ఒక రేకుముక్క పడ్డది. అరచేయంత ఉంటది. బంపర్‌కు, లోపలి ఇనుప పట్టీకి మధ్యల ఇరికి ఉండె. చాచా తీసి అంగికి తుడిచిండు. నంబర్ ప్లేట్ ముక్క. చేత్తోటి రాసిన అంకెలు, సగం విరిగిన సున్నా, ఆఖరువి రెండు, కింద తోకలు తీసి రాసినయి.

చాచా దాన్ని చానాసేపు చూసిండు. లేసి షెడ్ వెనుకకు పోయిండు. నేను కూడా పోయిన. అక్కడ తుక్కుసామాన్ల పక్కన ఒక టీవీఎస్ ఒరిగి ఉన్నది. ముందరి చక్రం ఎనిమిది లెక్క వంగింది. పాలక్యాన్లు తగిలేసే కొక్కేలు రెండు దిక్కుల ఉన్నయి. ముందర నంబర్ ప్లేట్ సగమే ఉన్నది. చాచా చేతిల ముక్కను గా సగానికి ఆనిచ్చిండు.

అతికింది. విరిగిన అంచు అంచుకు అతికింది. సున్నా రెండు ముక్కలైంది, అది కూడా గుండ్రంగ కలిసింది.

అక్కడనే ఒక టైర్ మీద కూసున్న.

అది మొగులప్పది అని చెప్పిండు చాచా. మనూర్ దిక్కు ఊరు. రోజు ఖేడ్‌కు పాలు తెచ్చేటోడు. పోయిన సంక్రాంతి దాటినంక రోడ్డు పక్క గుంతల పడి దొరికిండు. కాలు పోయింది, తలకు దెబ్బ. తాగి పడ్డడు అన్నరు అందరు. మీద సారా వాసన గుప్పున కొట్టిందట, అంగి మీద సీసా పెంకలు ఉండెనట. వాళ్ల మనుషులు బండిని ఈడ తెచ్చి ఇడిసిపెట్టిండ్రు, మళ్ల రాలే.

గప్పుడు నీ జీపు ఎవ్వల కాడ ఉండె అని అడిగిండు. బావ కాడ అన్న.

బావ ఒకసారి చెప్పిండు, అడవిపంది తగిలింది, ముందరి గ్రిల్ జాలి, లైటు బీదర్‌ల మార్పిచ్చిన అని. ఖేడ్‌ల ఇంతమంది మెకానిక్‌లు ఉండంగ బీదర్ ఎందుకు పోయిండో నేను అడగనే లేదు.

చాచా చేతులు కడుక్కొని వచ్చిండు. కొత్తది ఎక్కిస్తే మాపటికి అయిపోతది బేటా, లోపల ఏముండెనో మళ్ల ఎవ్వలికి తెల్వది అన్నడు. నేను బిగిస్త, నోరు కూడా మూసుకుంట, కానీ గా టీవీఎస్‌ను ఈడికెల్లి తీస్కపో, రోజు దాన్ని చూసుకుంట నేను పని చెయ్యలేను అన్నడు.

బిగించకు అన్న. ముక్క జేబుల పెట్టుకొని నడుసుకుంట వచ్చిన.

అదే రోజు, మాపటికి

బావ ఫోన్. ఎత్తలే. మళ్ల ఫోన్. ఎత్తలే.

అక్టోబర్ 13, సోమవారం

మొగులప్ప ఇంటికి పోయిన. సిగ్నల్ ఎట్ల వస్తుందో అడగనీకి వచ్చిన అని అబద్ధం చెప్పిన. మంచం మీద కూసొని ఉన్నడు. యాభై దాటి ఉంటయి. కుడికాలు మోకాలి కింద వంకర పోయి కట్టె లెక్క ఉన్నది. నేను ఏం అడగకముందే తానే చెప్పిండు. నేను తాగి పడ్డోన్ని బిడ్డా, గీ ఊళ్లె పోరగాండ్లు నన్ను సీసా మొగులప్ప అంటరు అని. నవ్వుకుంట చెప్పిండు. గా నవ్వు చూడలేక పొయ్యి దిక్కు చూసిన.

ఏమేం గుర్తున్నది కాకా అని అడిగిన. మనూర్‌ల పెట్రోల్ పోయించుకున్నది గుర్తున్నదట. తర్వాత దవాఖానల తిరుగుతున్న ఫ్యాన్ గుర్తున్నదట. మధ్యల ఏం లేదు. బిడ్డకు కొడుకు పుట్టిండని బోరంచ నల్లపోచమ్మకు సాక పోయనీకి, అంటే గా తల్లి ముందర సారా ధార పోయనీకి, సీసా కొన్నడట. తాగుడు ఇడిసి ఏండ్లు అయితుండె, గా తల్లి మీద ఒట్టు పెట్టుకొనే ఇడిసిండట. సీసా చేతిలుంటే ఆగలేకపోయినట్టున్న, తొవ్వలనే తాగినట్టున్న, అందుకే తల్లి గుంతల పడగొట్టింది అన్నడు.

నువ్వు తాగినట్టు నీకు గుర్తున్నదా అని అడిగిన.

లేదు, అందరు చెప్తుండ్రు కదా అన్నడు.

గంతల ఆయన పెండ్లాం రుక్కమ్మ పత్తి చేనుకెల్లి వచ్చింది. నెత్తి మీద మూట. ఆయన ముందర రొట్టె, పప్పు పెట్టింది, నీళ్ల చెంబు పెట్టింది, ఒక్క మాట అనకుంట పోయింది. ఆమె నాతోటి మాట్లాడి చానా రోజులైంది అన్నడు మొగులప్ప. పోచమ్మ మీద ఒట్టేసి మళ్ల తాగిన అని ఆమె కోపం. తప్పు నాదే అన్నడు.

ముక్క నా జేబులనే ఉన్నది. తీయనీకి చెయ్యి పోలే. నీళ్లు తాగి వచ్చేసిన.

ఏ తప్పు చెయ్యని మనిషి తప్పు నాదే అంటుంటే ఇన్న. బండి తాకితే సీసా పగిలి సారా అంగి మీద పడ్డది, గా వాసనకే అందరు తాగిండనుకున్నరు.

అక్టోబర్ 14

డ్యూటీకి పోలే. ఛార్జర్ కూడా పెట్టలే ఫోన్‌కు.

అక్టోబర్ 15, బుధవారం

బావ దుకాణం పోయే టైం చూసి అక్క కాడికి పోయిన. ముందు అక్కకు చెప్పాలె, ఆమె ఎట్ల తట్టుకుంటదో, ఎట్ల ఓదార్చాలె అని తొవ్వంత అదే సోచాయించిన.

అక్క జొన్నరొట్టెలు చేస్తుంది. ముక్క తీసి పీట పక్కన పెట్టిన. చూసింది. పెంక మీది రొట్టెను తిప్పింది.

ఇంకో ముక్క ఉండెనా అన్నది.

ఇప్పటికీ గా మాట చెవులల్ల మోగుతుంది. ఇంకో ముక్క ఉండెనా.

మల్లీశ్వరి, నా అక్క, నాకు తల దువ్వి బడికి పంపినామె. ఆమెకు మొదటిసంది తెలుసు. గా పొద్దు బావ ఇంటికొచ్చిండట. మనిషికి తాకిచ్చిన, వెనుకకు పోత, దవాఖానకు తీస్కపోత అన్నడట. అక్క గేటుకు తాళం ఏసిందట. బండి తాళంచెవి బియ్యం డబ్బల దాచిందట. జాలిల ఇరుక్కున్న ముక్కలన్ని తానే ఏరి పొయ్యిల ఏసిందట. తెల్లారి ఎవరితోనో అడిగిచ్చిందట, మనిషి బతికిండు అన్నరట. బతికిండు అని ఇన్నంక నేను నిద్రపోయిన అన్నది. గట్లనే అన్నది, అన్నం తిన్న అన్నట్టు.

బావను జైలుకు తోలి గీ ఇద్దరు పిల్లలను పట్టుకొని నేను ఏడ కూసోవాలె, నువ్వు చూస్తవా అని అడిగింది. నాన్న పోయినప్పుడు మన ఇల్లు ఎట్ల అయిందో నీకు గుర్తులేదు, నువ్వు చిన్నగున్నవ్, నాకు గుర్తున్నది అన్నది. ఎట్లాగు వాడు తాగి అడ్డం వచ్చిండు, తాగినోని కొరకు మనం నాశనం కావాలెనా అన్నది.

తాగలేదక్కా అన్న. సీసా పోచమ్మది. పగిలి మీద పడ్డది. ఆయన తాగలే.

అప్పుడు ఆగింది. నా దిక్కు చూసింది. పెంక మీద రొట్టె మాడి పొగ వస్తుంది, తీయలే. అందరు తాగిండనే కదా అన్నరు అన్నది. నేను మొగులప్ప చెప్పిందంత చెప్పిన. రుక్కమ్మ సంగతి చెప్పిన.

పెంక దించి, ఠాణాకు పోతే మళ్ల గీ గడప తొక్కకు అన్నది. ముక్కను మాత్రం గుంజుకోలే. నేను తీస్కొని వచ్చిన.

అక్టోబర్ 16

ఒక్కటే అడుగుకుంటున్న. అక్క ప్లేస్‌ల నేనుంటే? నేను కూడా గేటుకు తాళం ఏస్తుంటినేమో. గదే భయమైతుంది.

అక్టోబర్ 17, శుక్రవారం

చాచా ఫోన్ చేసి, నీ బావ వచ్చి కూసున్నడు, జల్దీ రా అన్నడు.

ఉరికిన. షెడ్‌ల నా కొత్త బంపర్ డబ్బ మీద బావ కూసొని ఉన్నడు. గడ్డం పెరిగింది. టీవీఎస్ దిక్కే చూస్తుండు. నన్ను చూసి, మీ అక్క చెప్పింది, నిజంగ తాగలేదారా అన్నడు. లేదు బావా అన్న. రెండు చేతులతోటి మొఖం మూసుకున్నడు.

తాగి అడ్డమొచ్చిండు అనుకున్న, గా ఒక్క మాట పట్టుకొని బతుకుతున్న అన్నడు. డీలర్ ఫోన్ చేస్తే స్క్రీన్ చూసిండట, తల ఎత్తేవరకు అయిపోయిందట. నేను విన్చ్ అన్న రోజుసంది నిద్ర లేదట. నువ్వు బంపర్ తీయొద్దని మొక్కిన, తీస్తే బాగుండని కూడా మొక్కిన అన్నడు. పోదాం పా అన్నడు. ఎక్కడికి అని నేను అడగలే.

బండి ముందర బంపర్ లేదు. ఇనుప పట్టీ, వైర్లు, చాసిస్ అన్ని బయటికి కనపడుతున్నయి. గట్లనే నడుపుకుంట పోయినం. ఒక తావుల బావ ఆపు అన్నడు. దిగి రోడ్డు పక్క గుంతల దిక్కు చూసిండు. మళ్ల ఎక్కిండు.

మొగులప్ప మంచం మీదనే ఉన్నడు. రుక్కమ్మ చాప మీద పత్తి ఆరపోస్తుంది. బావ మంచం ముందర నేల మీద కూసున్నడు. నిన్ను తాకిచ్చింది నేను, గీ బండితోటి, ఆపకుంట పోయిన అన్నడు. ముక్క తీసి మంచం మీద పెట్టిన నేను.

మొగులప్పకు సమజ్ కాలే. మళ్ల చెప్పమన్నడు. బావ మళ్ల చెప్పిండు. మొగులప్ప ముక్కను చేతిలకు తీస్కొని అంకెల మీద వేలు పెట్టి రుద్దిండు. ఆయనకు కోపం వస్తదని, కట్టెతోటి కొడతడని నేను చూస్తున్న. ఆయన బావను చూడలే, నన్ను చూసిండు.

అయితే నేను తాగలేదా?

లేదు కాకా. సీసా నీ మీద పగిలింది.

గింత గట్టిగ పిలుస్తడు అనుకోలే. రుక్కా, రుక్కా, ఇంటున్నవా, నేను తాగలేదట అని ఒర్రిండు. పక్కింటోళ్లు బయటికొచ్చిండ్రు. చిన్న పిల్లగాని లెక్క మళ్ల మళ్ల అదే మాట. నేను తాగలేదట.

రుక్కమ్మ వచ్చింది. చేతులకు పత్తి అంటుకొని ఉన్నది. బావ దిక్కు చూడలే. మొగని ముందర మోకాళ్ల మీద కూసొని, ఆయన గదుమ పట్టుకొని, నోటి కాడ ముక్కు పెట్టి వాసన చూసింది. ఇన్ని నెలలకు, ఇప్పుడు. అందరం చూస్తున్నం.

గా రోజు నీ అంగి వాసన చూసిన, నోరు చూడలే అన్నది.

ఇద్దరు ఏడ్చిండ్రు. నేను మొఖం తిప్పుకున్న.

తర్వాత లేసి బావ ముందర నిలవడ్డది. బావ తల వంచిండు, కొడతదని. కొట్టలే. మొన్న వానలు మొదలైనప్పుడు, మిరుగు పొద్దు, నీ దుకాణంలనే పత్తివిత్తనాలు తీస్కున్న అన్నది. నువ్వే నా చేతికిచ్చినవ్. మంచిగ పండాలె అని కూడా అన్నవ్.

నువ్వెవరివో నాకు తెల్వదమ్మా అన్నడు బావ.

నువ్వు తెలుసుకోలే అన్నది. నేను తొమ్మిది నెలలసంది మొగనితోటి మాట్లాడలే, నువ్వు ఒక్క రోజు వచ్చి ఎవరికి తాకిచ్చిన అని అడగలే. ఇగ నా వాకిట్ల కూసోకు, పోయి ఠాణాల కూసో అన్నది.

పోయినం. బావ నాకంటె ముందే మెట్లెక్కిండు.

అక్టోబర్ 18

బండి ఠాణాల ఉన్నది. ముక్క కూడా తీస్కున్నరు. అక్కకు ఫోన్ చేసిన. కట్ చేసింది. చేసిన. కట్.

అక్టోబర్ 27

బావకు బెయిల్ వచ్చింది. దుకాణం తెరవలే. పిల్లలు బడికి పోతుండ్రు, తొవ్వల నన్ను చూసి పెద్దోడు తల తిప్పుకున్నడు. అది అన్నిటికంటె గట్టిగ తాకింది.

నవంబర్ 3

కంగ్టి సైట్‌కు షేర్ ఆటోల పోయిన. ఆటో దిగి చెప్పులు చేతిల పట్టుకొని నడిచిన. కొత్త బంపర్ ఇంకా చాచా షెడ్‌లనే ఉన్నది. ఎవరికన్న అమ్మిపెట్టు అన్న.

నవంబర్ 16, ఆదివారం

రుక్కమ్మ ఫోన్ చేసింది. పొద్దుగాల ఒకామె ఆటో దిగి వాళ్ల వాకిట్లకు వచ్చిందట. పేరు చెప్పలేదట. పత్తికుప్ప కాడ కూసొని మాపటిదాక కాయలల్లకెల్లి పత్తి తీసిందట. నీళ్లిస్తే తాగింది, రొట్టె పెడితే వద్దన్నది, మొగులప్ప దిక్కు ఒక్కసారి కూడా తల ఎత్తలేదట. ఆఖరి ఆటోకు పోయిందట.

ఎవరామె అని అడిగింది.

మా అక్క అన్న.

ఫోన్ కింద పెట్టిన సప్పుడైంది. పెట్టేసింది అనుకున్న.

వేళ్లన్ని కోసుకపోయినయి, పసుపు పెట్టుకొమ్మని చెప్పు అన్నది.